మొండి చెవుల మంద

అర్ధవీడు,
2024 నవంబరు 9.

అత్తకు స్వర్ణలత నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. హాస్టల్లో ఇంకెవరికైనా ఇచ్చి చెప్పిస్తే సగం మాటలు నీదాకా రావు. అందుకే కాగితం తీశాను. ఉద్యోగంలో చేరాక పశువుల టీకాల రిజిస్టరు తప్ప ఇంకేదీ చేత్తో రాయలేదు. అక్షరాలు వంకర పోతే నవ్వుకో.

మంచి కబురు చెప్పాలి. మార్కాపురంలో గొర్రెల పెంపకందారుల సంఘం వాళ్లు ఈసారి నాయనకు సన్మానం చేస్తున్నారు. ఫిబ్రవరి పదహారున సభ. శాలువా కప్పుతారు, ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారట. అందులో నాయన జీవితం నాలుగు పేజీలు నేనే రాయాలి. సంఘం అధ్యక్షుడు పవన్ కుమార్ గారు పట్టుబట్టి ఆ పని నాకు అప్పజెప్పాడు. మంచి కాపరి, మంచి ఇంటిమనిషి, ఈ రెండూ రావాలని మరీ మరీ చెప్పాడు.

రాయడానికి కరువేముంది? మంద నీళ్లు తాగందే నాయన గుక్కెడు నీళ్లు తాగడు. ఎండాకాలం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయినప్పుడు నాకు జ్వరమని కబురందితే, బస్సు దొరక్క రెండు రోజులు నడిచి వచ్చాడు. పుల్లలచెరువు మండలంలో మా ఊరి నుంచి పశువైద్యం డిప్లొమాకు పోయిన మొదటి ఆడపిల్లను నేను, పంపింది నాయనే. మా అమ్మను ఒక్క మాట అనగా నేను వినలేదు. ఇవన్నీ రాశాను.

అన్నిటికంటే నాకు నచ్చింది చెవుల సంగతి. మా మందలో ప్రతి గొర్రెకూ ఎడమ చెవి కొస ఉండదు కదా. ఏ సంతలోనైనా ఆ మొండి చెవి చూడగానే, ఇది గాలెయ్య మంద అంటారు. చిన్నప్పుడు గొర్రెపిల్లను నేను ఒళ్లో గట్టిగా పట్టుకునేదాన్ని, నాయన కత్తెరతో టక్కున కోసేవాడు, నేనే వేపనూనె రాసేదాన్ని. పుస్తకం దాంతోనే మొదలుపెట్టాను.

నాయన చిన్ననాటి సంగతులు నీకు తప్ప ఎవరికీ తెలియవు. రెండు మూడు రాసి పంపు. సభకు నువ్వు తప్పకుండా రావాలి. వేదిక ఎక్కేముందు చెల్లెలి చేత హారతి ఇప్పించాలని అమ్మ కోరిక.

నీ జవాబు కోసం ఎదురుచూసే,
స్వర్ణ.


గిద్దలూరు,
నవంబరు 20.

చిరంజీవి స్వర్ణకు,

ఉత్తరం అందింది. నీ అక్షరాలకేం, నిక్షేపంలా ఉన్నాయి. నా రాతే బియ్యం కడిగిన చేత్తో రాసింది, తడి మరకలు ఉంటాయి. ఇక్కడ రెండు వందల మంది ఆడపిల్లలకు పొద్దున ఉప్మా, రాత్రి పప్పు. ఉప్మాలో జీడిపప్పు లేదని ఒకతె, కరివేపాకు ఎక్కువైందని ఇంకొకతె. వాళ్లు పారేసిన పళ్లేల్లో చేయి పెట్టి ఊడ్చి ఊడ్చి నాకు తిండి మీదే వెగటు పుట్టింది.

మీ నాయన చిన్ననాటి సంగతి అడిగావు. రాసుకో. పదేళ్లప్పుడు ఒక చూడి గొర్రె తప్పిపోతే నల్లమల అంచుదాకా వెతుక్కుంటూ పోయి, మర్నాడు దాన్నీ, దాని పిల్లనూ మెడ మీద మోసుకొచ్చాడు. మీ అవ్వకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాకు తలదువ్వి జడ వేసి బడికి పంపింది వాడే. ఇవి రెండూ నిజం. నిజమే రాయాలి కాబట్టి చెబుతున్నాను.

చెవుల సంగతి తీసెయ్యి. ఎందుకని అడక్కు.

సభకు నాకు కుదరదు. హాస్టల్లో సెలవు ఇవ్వరు.

ఒంట్లో జాగ్రత్త.
మీ అత్త వెంకటసుబ్బులమ్మ.


అర్ధవీడు,
డిసెంబరు 2.

అత్తకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. సెలవు ఇవ్వరంటే నేను నమ్మను. పోయిన ఏడు వంటగదిలో నీతో పనిచేసే పుష్పమ్మ కూతురి పెళ్లికి మూడు రోజులు పోయి వచ్చావు.

నీ అలక ఏమిటో నాకు కొంచెం తెలుసు అనుకుంటున్నాను. పోయిన ఆదివారం ఊరికి పోయి, అత్త రానంటోందని నాయనకు చెప్పాను. అప్పుడు ఆయన చెప్పాడు. మన ఇళ్లలో ఆడపిల్లకు గొర్రెను ఇచ్చే ఆచారం ఉండేదనీ, నీ గొర్రెలు కూడా తన మందలోనే ఉండేవనీ, నేను తొట్లో ఉన్న ఏడు నీలినాలుక రోగం వచ్చి నీవన్నీ చచ్చిపోయాయనీ. "అప్పట్నుంచి దానికి నా మీద మనసు ఇరిగింది. రోగానికి నేనేం చేసేది?" అన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు. చూడలేకపోయాను.

రోగం ఎవరి చేతిలో ఉంది అత్తా? ఆ రోగం మందను ఎట్లా ఊడ్చేస్తుందో నాకు తెలుసు, అదే నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లు మనసులో పెట్టుకునే సంగతేనా అది? చెవుల సంగతి కూడా తీసేయలేను. పవన్ కుమార్ గారికి అదే బాగా నచ్చింది, అట్ట మీద ఆ బొమ్మే వేయిస్తానన్నాడు.

కోపం రాకుండా చదువు.
స్వర్ణ.


గిద్దలూరు,
డిసెంబరు 14.

స్వర్ణా,

కండ్లు తుడుచుకున్నాడా? ఛీ.

చెప్పకూడదనే ఇన్నాళ్లు నోరు కుట్టుకున్నాను. ఇప్పుడు అట్ట మీద బొమ్మ కూడా వేస్తున్నారు కాబట్టి విను. ఆపకుండా చివరిదాకా చదువు.

మన ఇళ్లలో ఆడపిల్లను తొట్లో వేసిన రోజున ఒక ఆడ గొర్రెపిల్లను తెచ్చి ఆ తొట్టి కింద కట్టేస్తారు. ఎడమ చెవి అంచున గోరంత గంటు పెడతారు. అది మొదలు ఆ గొర్రె ఆ పిల్లది. దానికి పుట్టే ఆడవీ, వాటికి పుట్టే ఆడవీ అన్నీ గంటుతో పెరుగుతాయి, అన్నీ ఆ పిల్లవే. పొట్టేళ్లు మాత్రం మేపిన అన్నదమ్ములకు. పెళ్లయ్యాక తోలుకుపోయినా పోవచ్చు, కష్టం వచ్చినప్పుడు తెచ్చుకుందామని అక్కడే ఉంచినా ఉంచవచ్చు. మీ మామ గిద్దలూరులో సైకిళ్ల రిపేరు చేసేవాడు, మాకు దొడ్డి ఎక్కడిది? నావి అన్న మందలోనే ఉంచాను. చూలు నిలిచే జాతి నాది. నువ్వు పుట్టేసరికి మందలో దాదాపు సగం గంటు చెవులే. మీ నాయన మంద గుర్తు కుడిచెవి చీలిక, అది అన్నిటికీ ఉండేది. ఎడమ చెవి జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

నిన్ను తొట్లో వేసిన మూడు నెలలకు మీ మామకు కిడ్నీలు చెడిపోయాయి. మన ఫ్లోరైడు నీళ్ల సంగతి తెలిసిందే కదా. కర్నూలు తీసుకుపొమ్మన్నారు. గొర్రెలు తెచ్చుకుంటానని అన్నకు ముందే కబురు పెట్టి, నాలుగో రోజున బయల్దేరి వచ్చాను. ఆ నాలుగు రోజులు నేను ఇవ్వకుండా ఉండాల్సింది.

వాడు నన్ను దొడ్డి గేటు దగ్గర నిలబెట్టాడు. "రోగమొచ్చి నీవి అన్నీ పోయినాయి సుబ్బులూ. ఒక్కటన్నా మిగల్లేదు. నా మాట నమ్మకపోతే నువ్వే చూసుకో" అన్నాడు. గేటు కొంచెం తెరిచి ఒక్కొక్క గొర్రెనూ నా ముందు నుంచి పంపించాడు. చూశాను. ఒక్కదానికీ ఎడమ చెవి కొస లేదు. మంద మొత్తానికీ కోసేశాడు, తన వాటికి కూడా. కొన్నిటికి పుండు పచ్చిగానే ఉంది, ఈగలు ముసురుతున్నాయి. ఒకదానికి పురుగులు పడ్డాయి, అది తల విదిలిస్తే ఒక పురుగు వచ్చి నా చీర మీద పడింది. గోడ పక్క కుక్కలు ఏదో పీక్కుంటున్నాయి. నేను అటు చూశాను. చెవి ముక్కలు. గంపెడు చెవి ముక్కలు పెంటలో పోసి పైన ఇంత బూడిద చల్లాడు. అది కూడా సరిగా చల్లలేదు.

నా గొర్రెల మొహాలు నాకు తెలియవా? రెండిటిని పేరు పెట్టి పిలిస్తే వచ్చి నా చేయి వాసన చూశాయి. అది మీ నాయనా చూశాడు. చూసి గేటు మూశాడు.

మీ అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. నేను ఆమె వైపు తిరిగేసరికి గోడ వైపు తిరిగింది. మీ అమ్మ అన్నం పెట్టింది. నేను తిన్నాను, స్వర్ణా. ఆ పురుగు పడిన చీరతోనే కూర్చుని, రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను. తినకపోతే గొడవ అవుతుందని. మీ నాయన చేసినదానికంటే నాకు ఆ అన్నం తలుచుకుంటేనే ఎక్కువ రోత.

మీ మామ ఆ ఏడాది దాటలేదు. కర్నూలు పోతే బతికేవాడని నేను అనను. పోలేదు, అంతే.

తర్వాత కూడా ప్రతి ఈతలో పిల్లల చెవులు కోస్తున్నాడని విన్నాను. పాత వాటికే మొండి చెవులు ఉండి కొత్తవాటికి లేకపోతే ఎవరైనా అడుగుతారు కదా, అందుకు. అదే ఇప్పుడు మీ మంద గుర్తు. దాన్నే నువ్వు ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నావు.

అడిగావు కాబట్టి చెప్పాను.
అత్త.


అర్ధవీడు,
డిసెంబరు 27.

అత్తా,

ఊరికి పోయి అమ్మను అడిగాను. నాయన మందతో బయట ఉన్నాడు. అమ్మ బుకాయిస్తుందనుకున్నాను, అదీ చేయలేదు. గిన్నెలు తోముతూనే చెప్పింది. "మందలో సగం సుబ్బులువే. అవి పోతే మిగిలిన దాంతో ఇల్లు గడుస్తుందా? నువ్వు తొట్లో ఉండావు. మీ నాయన మనల్ని బతికించుకున్నాడు, అంతే" అంది. అందులో తప్పేముందన్నట్టు నా మొహం చూసింది. అమ్మను గురించి, పద్మమ్మ లాంటి మెత్తని మనిషి లేదని ఊరంతా అంటారు. ఆ మెత్తదనం చూస్తే నాకు ఒళ్లు కంపరమెత్తింది.

నేను చదివిన చదువు ఎవరి గొర్రెలు అమ్మితే వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. నా హాస్టల్ ఫీజుకు రెండు గొర్రెలు పోయాయని నాయన గొప్పగా చెప్పేవాడు. ఏ రెండు? మొన్న టీకాల క్యాంపులో ఒక గొర్రె చెవికి నంబరు ఉన్న పచ్చ బిళ్ల వేయాల్సి వచ్చింది. చెవి పట్టుకోగానే నా చేతుల్లో ఆ చిన్నప్పటి వేపనూనె వాసన వచ్చినట్టైంది. పక్కకు పోయి కక్కుకున్నాను. రైతులు, మేడమ్‌కు ఎండ దెబ్బ తగిలిందని మజ్జిగ ఇచ్చారు.

రాసిన నాలుగు పేజీలు చింపేసి, జరిగింది జరిగినట్టు రాసి పవన్ కుమార్ గారికి పంపాను. ఫోన్ చేశాడు. ఇది సన్మాన సంచిక మేడమ్, పంచాయితీ కాదు, మీకు పని ఎక్కువైనట్టుంది, మేమే చూసుకుంటాం అన్నాడు. తను రాసింది వాట్సాప్‌లో పంపాడు. అందులో నాయన "తోడబుట్టిన ఆడపడుచును కంటికి రెప్పలా కాచుకున్న అన్న" అట. ఆ ముక్క చదివి ఫోన్ మంచం మీదకు విసిరేశాను.

నాయన మొహం ఇంకా చూడలేదు. చూస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

స్వర్ణ.


గిద్దలూరు,
జనవరి 6.

స్వర్ణా,

నువ్వు తిండి మానేశావని నీ రాతలోనే తెలుస్తోంది. ఆ వేషాలు వద్దు. అప్పుడు నీకు మూడు నెలలు. నీ మీద నాకు రోత లేదు, ఉంటే ఈ ఉత్తరాలు రాయను.

మీ అమ్మను కూడా ఏమీ అనకు. ఆమె ఇల్లు ఆమె చూసుకుంది. మీ నాయన నిజంగానే మంచి ఇంటిమనిషి. నడిచి వచ్చిన రెండు రోజులు నిజమే, నువ్వు ఎంత ఏడ్చినా అది అబద్ధం కాదు. ఇంటి గోడ ఎక్కడ కట్టాడన్నదే నా గొడవ. నేను బయట పడ్డాను. పుట్టింటి నుంచి బస్సెక్కిన రోజే నేను వాడి మనిషిని కాకుండా పోయానని నాకు ఎవరూ చెప్పలేదు, గేటు దగ్గర నిలబెట్టి చెవులు చూపించేదాకా.

పుస్తకం సంగతి వదిలెయ్. కంటికి రెప్ప అని రాశారా, రాసుకోనీ. ఆ కాగితాల్లో బజ్జీలు పొట్లం కడతారు.

నేను వేరే సంగతి అడగాలని ఉంది. నిన్ను తొట్లో వేసిన రోజు నేనక్కడే ఉన్నాను. నీ తొట్టి కింద కూడా గొర్రెపిల్లను కట్టారు, దాని చెవి గంటు నా కండ్లతో చూశాను. మూడు నెలలకు మంద మొత్తం చెవులు కోసినవాడు దాన్నీ వదిలి ఉండడు. మరి నీ గొర్రెలు ఏవి? నీకు ఎప్పుడైనా చూపించాడా? పోయి అడుగు. నా కోసం కాదు. నీవి నువ్వు అడుగు.

అత్త.


అర్ధవీడు,
జనవరి 24.

అత్తా,

అడిగాను. జరిగింది వరసగా చెబుతాను.

ఆదివారం పొద్దున్నే పోయాను. మంద ఇంకా దొడ్డిలోనే ఉంది. నాయన గేటు పక్కన కూర్చుని అప్పుడే ఈనిన పిల్ల మూతికి తల్లి పాలు అందిస్తున్నాడు. కత్తెర నడుముకు దోపి ఉంది. నేను దగ్గరికి పోయి ఆ కత్తెర తీసుకున్నాను. ఎందుకని అడగలేదు. అమ్మ అంతా చెప్పినట్టుంది.

నా గొర్రెలు నాకు కావాలని చెప్పాను. అన్నీ నీవే కదమ్మా అన్నాడు. అన్నీ వద్దు, నా తొట్టి కింద కట్టినదాని సంతానం ఎక్కడుందో అది మాత్రం ఇవ్వమన్నాను. నా మనసులో ఏముందో నీకు రాస్తున్నాను, దాచను. గుర్తులు లేవు కదా, ఏవి ఎవరివో ఇప్పుడు ఎవరు చెప్పగలరు అని తల పట్టుకుంటాడు అనుకున్నాను. తను కోసిన చెవులే తన కూతురికి అడ్డం వచ్చాయని తెలుసుకుని సిగ్గుపడతాడనుకున్నాను. అది చూడాలనే పోయాను.

నాయన లేచి మందలోకి పోయాడు. ఒకదాని వెనక కాలు పట్టి ఇవతలకు లాగాడు. ఇంకోదాన్ని లాగాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, చేయి తడబడలేదు, ఏ చెవి వంకా చూడలేదు. మొహం చూడటం, లాగటం. తొమ్మిదిటిని తీసి గేటు ఇవతల నిలబెట్టాడు. ఇవి నీవి అన్నాడు. వాటిలో ఏది దేనికి పుట్టిందో నా తొట్టి కింద గొర్రెదాకా చెప్పుకుంటూ పోయాడు.

అప్పుడు నేను మిగిలిన మంద వంక చూశాను. అడిగాను: "నాయనా, మరి అత్తవి?"

నాయన మళ్లీ మందలోకి పోయాడు. అంతే వేగంగా, అంతే తేలిగ్గా, ఒక్కొక్కటీ తీసి గోడ వైపు నిలబెట్టాడు. నేను లెక్కపెట్టలేదు, పెట్టాలనిపించలేదు. దొడ్డిలో సగం ఖాళీ అయింది. నీ గొర్రెల సంతానమే సగం. "తెలియకుండా ఎట్ల పోతాది? మొహం చూస్తే తెల్సు. ఏ ఈతలో ఏది పుట్టిందో అన్నీ తెల్సు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎక్కడో కాపరి గర్వం కూడా ఉంది. అది విని నాకు దొడ్డి గోడకు తల బాదుకోవాలనిపించింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను నోరు తెరవకముందే అడిగాడు: "ఇప్పుడన్నా సభకు వస్తాదా మీ అత్త? హారతి ఇస్తాదా?"

తల దించితే ఎదురుగా ఆయన కాళ్లు కనిపించాయి అత్తా. ఇంతకాలం ఎండకు వానకు ఆ మంద వెనక తిరిగిన కాళ్లు అవి, నా జ్వరానికి నడిచి వచ్చిన కాళ్లు. వాటి వైపే చూస్తూ నిలబడ్డాను. మొహం చూడలేకపోయాను.

నావి నేను అర్ధవీడు తోలుకొస్తున్నాను. ఇక్కడ ఆనంద్ అనే కాపరి ఉన్నాడు, నమ్మకమైనవాడు, నావీ నీవీ కలిపి మేపుతానన్నాడు. నువ్వు సరేనంటే నీవి కూడా తెస్తాను. వద్దంటే అమ్మి పంపుతాను. ఏం చేయమంటావో రాయి. ఏదైనా సరే, చెవి కోయడం మాత్రం ఇక ఉండదు.

స్వర్ణ.


గిద్దలూరు,
ఫిబ్రవరి 4.

స్వర్ణా,

నీ ఉత్తరం పుష్పమ్మ చేత కూడా ఒకసారి చదివించాను, నేను చదివింది నిజమో కాదో అని. నిజమే.

నువ్వు రాసినదాంట్లో చేయి తడబడలేదన్న దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ నేను వాడికి ఒక దారి వదిలిపెట్టాను. చేసింది చేశాడు, నాలుగు ఈతలు పోయేసరికి ఏది ఎవరిదో వాడికే తెలియకుండా కలిసిపోయి ఉంటుంది, మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. మరిచిపోయినవాడిని ఏమంటాం? కానీ మరిచిపోలేదు. ప్రతి ఈతలో ప్రతి పిల్లనూ ఎత్తి మొహం చూసి, ఇది సుబ్బులుది అని లోపల అనుకుని, ఆ తర్వాతే చెవి కోశాడు. నీ ఒళ్లో పెట్టి కోశాడు. ఇరవై ఆరేళ్లు. నాకు వాడి మీద ఉన్నది కోపం కాదు. పాచిపోయిన అన్నం గిన్నె మూత తీసినట్టు ఉంది నాకు, ముక్కు మూసుకోవాలనిపిస్తోంది.

అయినా నా గొర్రెలు నాకు కావాలి. వాటి మీద నాకు రోత లేదు, అవి ఏం చేశాయి పాపం. అమ్మొద్దు. ఆనంద్ దగ్గర నీవాటితో పాటే ఉండనీ. పొట్టేళ్లు నువ్వూ ఆనంద్ పంచుకోండి, మేపిన చేతికి అది న్యాయం. ఈసారి మాత్రం కాగితం మీద రాసి, ఇద్దరం సంతకాలు పెడదాం. నువ్వు వాడి కూతురివి, ఆ భయం నాకు లేదని చెబితే అబద్ధం అవుతుంది. భయంతోనే నీ చేతిలో పెడుతున్నాను. నొచ్చుకోకు.

సభకు రాను. హారతి పళ్లెం నా చేత్తో ముట్టను. వాడి శాలువా వాడు కప్పుకోనీ, దాని మీద నాకు ఏడుపు లేదు.

సభకు ముందురోజు, పదిహేనో తారీఖు శనివారం, పొద్దున బస్సుకు బయల్దేరి ఊరికి వస్తాను. ఇంట్లోకి రాను, మీ అమ్మను అన్నం వండొద్దని చెప్పు. దొడ్డి దగ్గర నిలబడతాను. మీ నాయన ఒక్కడే లోపల ఉండాలి, నువ్వు సాయం పోవద్దు. నా గొర్రెలను ఒక్కొక్కటిగా గేటు దాటించి, ప్రతిదాని దగ్గరా ఆగి, నా మొహం చూసి, ఇది నీది సుబ్బులూ అని నోటితో చెప్పాలి. అన్నీ కలిపి ఒకసారి చెబితే కుదరదు. ఎన్ని ఉంటే అన్నిసార్లు చెప్పాలి. మధ్యలో ఏడిస్తే వాటిని లోపలికి తోలి, మళ్లీ మొదటి గొర్రె నుంచి మొదలుపెట్టమను.

శనివారం కలుద్దాం.
అత్త.